ఎడమచేతికి మారిన పట్టీ

గిరిజ ఆ ఉత్తరం చదివి అప్పటికి నాలుగు రోజులైంది. ఆమె రిసెప్షన్‌లో పనిచేసే జీపీ సర్జరీకి, అంటే పేట డాక్టరుగారి దవాఖానాకి, ఊళ్ళోని పెద్దాసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరం అది. తెరిచి డాక్టరుగారి ట్రేలో పెట్టడం వరకే ఆమె పని. కానీ మొదటి పేరాలోనే సొంత మరిది కంపెనీ పేరు కనిపిస్తే ఎవరి కళ్ళు మాత్రం ఆగకుండా ఉంటాయి? వచ్చే గురువారం ఆసుపత్రి కమిటీ సరేనంటే, ఏప్రిల్ నుంచి శనివారాల స్కిన్ క్లినిక్ ఎత్తేస్తారు. ఎగ్జిమాతో ఏళ్ళ తరబడి గోక్కుంటున్నవాళ్ళందరికీ నర్సు మోరీన్‌కి బదులుగా చేతికి గోకుడు లెక్కపెట్టే ఓ బ్యాండ్, ఫోన్‌లో ఓ యాప్ ఇస్తారు. అవి పనిచేస్తాయనడానికి రుజువు, నాటింగ్‌హామ్ చుట్టుపక్కల నలభై మంది తెలుగువాళ్ళ మీద ఆ మరిది హర్షవర్ధన్ మూడు నెలలుగా నడిపిన పరీక్ష. అందులో రోజుకి నాలుగొందల పన్నెండుసార్లు గోక్కునే మనిషి ఏకంగా నలభై ఆరుకి దిగిపోయిన ఘనత ఒకటుంది. పేషెంట్ నంబర్ పదిహేడు.

ఆ పదిహేడో నంబరు బ్యాండ్ గిరిజ చేతికే ఉంది. కుడిచేతికి ఉండాల్సింది, ఎడమచేతికి ఉంది. ఎందుకు మార్చుకుందో ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పదగ్గ సంగతేననీ అనుకోలేదు, ఆ ఉత్తరం చదివేదాకా.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి హర్షవర్ధన్ మిల్టన్ కీన్స్ నుంచి కారేసుకుని వచ్చాడు.

అతను ఇంట్లోకి వచ్చే తీరే వేరు. బూట్లు విప్పడు. విప్పమన్నవాళ్ళకేసి జాలిగా చూస్తాడు. వచ్చిన ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉన్న ఏదో ఒక వస్తువుని ముట్టుకుని, "ఇది ఇంకా వాడుతున్నారా!" అంటాడు. ఆ వేళ అది గోడగడియారం అయింది. ఒంటిమీద ఒక్క దద్దురు కూడా ఎరగని మనిషి. గోకుడు గురించి మాత్రం గంటన్నరసేపు తెరమీద బొమ్మలు మారుస్తూ ఉపన్యాసం ఇవ్వగలడు. ఇచ్చి, చివర్లో చప్పట్ల కోసం కాస్త ఆగగలడు కూడా.

"వదినా, గురువారం నువ్వే స్టార్‌వి" అన్నాడు సోఫాలో వెనక్కి వాలుతూ. "రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. ఫుల్ స్లీవ్స్ మాత్రం వద్దు. చేతులు కనపడాలి."

"చేతుల్లో ఏం కనపడాలి?"

"నయమైంది కదా, అది."

"కాస్త నయమైన మాట నిజమే. చేసింది మోరీన్."

హర్ష గట్టిగా నవ్వి అన్నగారి వైపు చూశాడు. గిరిజ భర్త మల్లికార్జున కూడా నవ్వాలి కాబట్టి నవ్వాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అతని ఉద్యోగం. పరాయివాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడంలో లీడ్స్ దాకా పేరున్న మనిషి, తమ్ముడు మాట్లాడేటప్పుడు మాత్రం అన్నిటికీ తలూపుతాడు.

"ఆవిడా! రొట్టెకి వెన్న రాసినట్టు ఆయింట్‌మెంట్ రాసి గుడ్డలు చుట్టే ఆవిడ! వదినా, ఇది 2018. ఆవిడ ఒక శనివారం పూట చూసేది పద్నాలుగు మందిని. నా సర్వర్ పద్నాలుగు వేలమందిని చూస్తుంది. టీ బ్రేక్ అడగదు. డ్యూటీల రోటా గొడవ లేదు. సిక్ లీవ్ పెట్టదు."

గిరిజ వంటింట్లోకి వెళ్ళింది. చెప్పడానికి మాటలు లేక కాదు. మోరీన్ చేసేదేమిటో ఇతనికి ఏ భాషలో చెప్పాలో తెలియక. ఆయింట్‌మెంట్ డబ్బా చల్లగా తగిలితే పేషెంటు ఉలిక్కిపడతాడని ఆవిడ పొద్దున్నే దాన్ని రేడియేటర్ మీద పెట్టి గోరువెచ్చగా చేసి ఉంచుతుంది. అరగంటలో సగంసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటుంది. గోక్కోవాలనిపించే క్షణానికి ముందు ఏం జరుగుతుందో, ఎక్కడ ఉంటావో, ఎవరున్నప్పుడో చెప్పించి, ఆ క్షణంలో చేతికి వేరే పని అప్పజెప్పడం నేర్పుతుంది. పిడికిలి బిగించు, ముప్పై లెక్కపెట్టు, అప్పటికీ దురద పోకపోతే గోటితో నొక్కి వదిలెయ్, గీరకు.

యాప్ చెప్పేదీ అదే. ఆ మాటకొస్తే యాప్ చెడ్డదని గిరిజ ఏనాడూ అనలేదు. బస్సులో, పక్కన మోరీన్ లేనప్పుడు, ఫోన్ ఆ ముప్పై అంకెలూ చెవిలో లెక్కపెట్టిపెడితే ఎన్నోసార్లు గట్టెక్కింది. ఆమెకి అసహ్యమల్లా దురద ఎరగని మనిషి దురద మీద గెలిచానని ఊరేగడం.

అన్నాలకి కూర్చున్నారు. పప్పు, వంకాయ కూర, గుంటూరు నుంచి అత్తగారు తెచ్చిన గోంగూర పచ్చడి, పెరుగు. అత్తగారు వరలక్ష్మి విజిటర్ వీసా మీద ఆరునెలలకి వచ్చి అప్పటికి రెండు నెలలు. కోడలి చర్మరోగాన్ని ఆవిడ పదిహేనేళ్ళుగా గజ్జి అనే అంటుంది. పెళ్ళిలో తలంబ్రాలప్పుడు కోడలి మోచేతి మడతలు చూసిన నాటి నుంచి గిరిజ కలిపిన ఆవకాయ తినదు.

హర్ష ఫోర్కు తెప్పించుకున్నాడు.

"చేత్తో తినరా, తిన్నట్టుంటది" అంది వరలక్ష్మి.

"అమ్మా, చేత్తో పిసుక్కుంటా తినే రోజులు పోయినయ్."

"ఏడకి పోయినయ్యిరా? నా కంచంలోనే ఉన్నయ్యిగా."

గిరిజ కూర్చోలేదు. ఎడమచేతి బ్యాండ్ విప్పి అత్తగారి దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, మీ కుడిచెయ్యి ఒకసారి ఇలా ఇవ్వండి."

"ఎందుకే?"

"మీ అబ్బాయి చేసిన వస్తువు. మీరూ ఒక్కపూట పెట్టుకుని చూడండి."

"వదినా, అది నీ ఐడీతో లాగిన్ అయింది. డేటా పాడవుతుంది" అన్నాడు హర్ష. గొంతులో తొందర వినిపించింది.

"పాడవనీ. ఒక్క పూటేగా."

కొడుకు చేసిన వస్తువు అనేసరికి వరలక్ష్మి చెయ్యి అప్పటికే చాచేసింది. నల్లటి ఆ పట్టీని బంగారు గాజుల వెనక సర్దుకుని, ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసింది. తర్వాత వేడన్నంలో పప్పు వేసుకుని, నెయ్యి పోసుకుని, ఐదు వేళ్ళతో శుభ్రంగా కలపడం మొదలెట్టింది. నాలుగోసారో ఐదోసారో చెయ్యి తిరిగిందో లేదో, బ్యాండ్ జిర్రుమంది.

"ఒరే! కుడతందిరా ఇది!"

బల్లమీద గిరిజ ఫోన్ లోంచి ఒక తెల్లావిడ గొంతు, ఏ కష్టమూ ఎరగని గొంతు, మెత్తగా పలికింది. "యూ సీమ్ టు బి స్క్రాచింగ్. లెట్స్ మేక్ ఎ ఫిస్ట్ టుగెదర్."

"ఏమంటదే అది?"

"మీరు గోక్కుంటున్నారట అత్తయ్యా. పిడికిలి బిగించి ముప్పై లెక్కపెట్టమంటోంది."

"గోక్కుంటన్నానా? నేనా?" వరలక్ష్మి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "డెబ్భై ఏళ్ళొచ్చినయ్యి, ఒంటిమీద చీమ కుట్టిన మచ్చ లేదు నాకు! పిడికిలి బిగిస్తే ముద్దెట్టా తినాల్రా? నెయ్యంతా కారిపోతంది."

"తినండి, దాన్ని పట్టించుకోకండి" అంది గిరిజ.

తిన్నది. పప్పన్నానికి జిర్రుమంది. గోంగూరకి జిర్రుమంది. పచ్చడి గట్టిగా ఉండి అన్నంలో నలిపి కలపాల్సి వచ్చినప్పుడైతే ఆగకుండా మోగింది. మెత్తగొంతు ఆవిడ ప్రతిసారీ అదే ఓపికతో పిడికిలి బిగిద్దాం రమ్మని పిలిచింది. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి వరలక్ష్మికి ఒళ్ళు మండింది.

"ఒరే హర్షా! నీకు పదేళ్ళొచ్చిందాకా ఈ చేత్తోనే కలిపి ముద్దలు పెట్టానే. అదంతా గోకుడేనంటరా?"

మల్లికార్జున ఈసారి నిజంగానే నవ్వబోయి, తమ్ముడి మొహం చూసి మంచినీళ్ళు తాగాడు.

గిరిజ ఫోన్ అందుకుని తెర చూసింది. "నూట ముప్పై ఒకటి" అంది. "ఒక్క భోజనానికి. అత్తయ్యకి నాకంటే ముదిరిపోయింది హర్షా. గురువారం ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళు."

"వెరీ ఫన్నీ."

"నవ్వడానికి చెప్పడంలేదు. మొదటి రెండు వారాలు ఇది మోగలేదు. ఊరికే లెక్కపెట్టుకుంది. నేను గోక్కున్నదీ లెక్కే, పొద్దున్న ఇడ్లీ తుంచి చట్నీలో అద్దిందీ లెక్కే, అన్నం కలిపిందీ లెక్కే. అదంతా కలిపి నాలుగొందల పన్నెండు. మూడో వారం నుంచి మోగడం మొదలెట్టింది. ముద్ద ముద్దకీ చెయ్యి అదురుతుంటే ఎవరు తింటారు? మూడోరోజు ఎడమచేతికి మార్చుకున్నా. మర్నాటికల్లా నలభై ఆరు. నీ గ్రాఫు అలా పడింది."

హర్ష ఫోర్కు కింద పెట్టాడు. పేపర్ నాప్‌కిన్‌తో మూతి తుడుచుకున్నాడు. తప్పు దొరికిపోయిన మనిషి మొహం కోసం చూసింది గిరిజ. అది రాలేదు. పిల్లలు అడిగిన తెలివితక్కువ ప్రశ్నకి జవాబు చెప్పే మాస్టారి మొహం వచ్చింది.

"తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"బ్యాండ్ ఏ చేతికుందో సర్వర్‌కి తెలుస్తుంది. నలభైలో ముప్పై నాలుగుమంది ఎడమచేతికి మార్చుకున్నారు. డిసెంబర్‌లోనే చూశా. సో వాట్? కౌంట్ తగ్గిందా లేదా? గ్రాఫ్ కిందికి పోయిందా లేదా? కమిటీలో కూర్చునేవాళ్ళు మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటారు. వాళ్ళకి మన పప్పన్నం గోలెందుకు?"

"ఆ ముప్పై నాలుగుమందీ గోకుడు మానలేదు హర్షా. నీ బ్యాండ్‌కి కనపడకుండా అన్నం తిన్నారు. అంతే."

"కొందరు మానే ఉంటారు."

"ఉంటారేమో. ఎవరో నీకు తెలుసా?"

తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఆ సంగతి అతని భుజాలు ఎగరేసిన తీరులోనే తెలిసిపోయింది. గిరిజకి ఒక్కసారిగా ఆ ముప్పై నాలుగుమందీ కళ్ళముందు కదిలారు. తెలుగు సంఘం దీపావళి సభలో, భోజనాల వరుస పక్కన ఇతను బల్ల వేసుకుని కూర్చుంటే, పొడుగు చేతుల జాకెట్లు కిందికి లాక్కుంటూ, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ పేర్లు రాయించుకున్నవాళ్ళు. యూనివర్సిటీలో చదువుకునే ఒక కుర్రాడు మెడ చుట్టూ మఫ్లర్ విప్పకుండానే సంతకం పెట్టాడు. అందరూ ఆశతోనే వచ్చారు. రేపు క్లినిక్ తలుపులు మూస్తే ఆ మఫ్లర్ కుర్రాడు ఎక్కడికి పోవాలి? పిడికిలి బిగిద్దాం రమ్మనే ఆ గొంతు దగ్గరికా?

"నేను గురువారం రాను" అంది. "వస్తే ఇప్పుడు చెప్పిందే అక్కడా చెప్తా."

"రావద్దులే." హర్ష చిరునవ్వు నవ్వాడు. అతని నవ్వుల్లో అన్నిటికన్నా చెడ్డది అదే. "వస్తే ఎఫెక్ట్ బాగుండేదని అడిగా, అంతే. నీ స్టేట్‌మెంట్ నిన్ననే వాళ్ళకి వెళ్ళిపోయింది."

"నా స్టేట్‌మెంటా?"

అతను సంచిలోంచి టాబ్లెట్ తీసి, నాలుగుసార్లు వేలితో తోసి, బల్లమీద ఆమె వైపు జరిపాడు. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. అడుగున ఆమె పేరు, పేరు మీద ఆమెది కాని సంతకం.

మొదటి మూడు పేరాలూ చదువుతుంటే గిరిజకి నవ్వొచ్చింది. నా జీవితమే మారిపోయిందట. నా ఆత్మవిశ్వాసం తిరిగి వచ్చిందట. మందుల డబ్బా మీద అంటించే మాటలు. అలా రాసేవాణ్ణి మనిషిగా లెక్కవేయడం దండగ అనుకుంది. సంతకం పెట్టినందుకు నాలుగు దులిపి, సోమవారం ఆసుపత్రికి తనే ఉత్తరం రాస్తే సరిపోతుందనుకుంది.

నాలుగో పేరా దగ్గర ఆమె నవ్వు ఆగిపోయింది.

"బ్యాండ్ రాకముందు నేను బాత్‌రూమ్‌లో గొళ్ళెం పెట్టుకుని, చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పి, పేల దువ్వెనతో మోకాళ్ళ వెనక రక్తం వచ్చేదాకా గీరుకునేదాన్ని. ఒకరోజు గొళ్ళెం పడలేదు. నా భర్త తలుపు తీసి చూసి, మళ్ళీ మూసేశాడు. ఆ పూట ఆయన అన్నం తినలేకపోయాడు."

ఆ దువ్వెన సంగతి మోరీన్‌కి తెలియదు. కన్నతల్లికి తెలియదు. ప్రపంచంలో ఒక్క మనిషికి తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట, ఈ ఇంటికి మారిన కొత్తల్లో, అతను తలుపు తీశాడు, చూశాడు, చప్పుడు కాకుండా మూశాడు. ఆ తర్వాత ఏనాడూ ఒక్క మాట అడగలేదు. ఆ మౌనాన్ని గిరిజ తొమ్మిదేళ్ళుగా దాచుకుంది. అతని మీద కోపం వచ్చినప్పుడల్లా దాన్ని బయటికి తీసి చూసుకునేది. ఎన్ని లోపాలున్నా, ఆ రోజు తలుపు అంత మెల్లగా మూసిన మనిషి కదా అని సర్దుకునేది.

ఆమె టాబ్లెట్ లోంచి తలెత్తింది. హర్ష వైపు చూడలేదు. ఇక అతనితో ఆమెకి పనిలేదు.

"ఏమండీ. ఇది మీరు రాశారా?"

మల్లికార్జున వేళ్ళతో కంచంలో గీతలు గీస్తున్నాడు.

"వాడు కొంచెం పర్సనల్ టచ్ కావాలన్నాడు గిరిజా. మామూలుగా రాస్తే నమ్మరని... పేరు బయటికి రాదులే, పేషెంట్ నంబరే ఉంటుందన్నాడు."

"నేనడిగింది అది కాదు. ఆ పూట మీరు అన్నం తినలేకపోయారా?"

అతను తల దించుకుని, కంచం పక్కకి నెట్టాడు. తొమ్మిదేళ్ళ కిందటి ఆ తలుపు దయతో మూసింది కాదని, చూడలేక మూసిందని గిరిజకి ఆ బల్ల దగ్గరే అర్థమైంది. ఏడుపు వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది. రాలేదు. వచ్చింది వేరే. ఎదురుగా కూర్చున్న ఇద్దరు అన్నదమ్ములూ ఆమెకి చాలా చిన్నగా, చాలా దూరంగా, కిటికీ అద్దానికి అవతల తిరిగే పురుగుల్లా కనిపించారు.

"చదివి నాక్కూడా చెప్పు" అంది వరలక్ష్మి. గిరిజ తెలుగులో చెప్పింది, ఒక్క మాట తగ్గించకుండా. దువ్వెన సంగతితో సహా.

వరలక్ష్మి కొడుకులిద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఎడమచేత్తో బ్యాండ్ విప్పి హర్ష కంచం పక్కన పడేసింది. తర్వాత తన పక్కనున్న కుర్చీని కాలితో కొంచెం బయటికి నెట్టింది. "కూర్చో ముందు" అంది కోడలితో. "పొద్దుట్నుంచి నుంచునే ఉన్నావ్." పదిహేనేళ్ళలో ఆవిడ పక్కన కూర్చోమనడం అదే మొదటిసారి. మోచేయి మోచేయికి తగిలేంత దగ్గరగా ఉందా కుర్చీ. ఆవిడ జరగలేదు.

గిరిజ కూర్చుంది. గోడగడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది.

"క్లినిక్ రెండింటిదాకా ఉంటుంది" అంది మల్లికార్జునతో. "గురువారం కమిటీ ముందు క్లినిక్ తరఫున కూర్చునేది మోరీనే. ఇప్పుడే ఆవిడకి ఫోన్ చెయ్యండి. ఆ కాగితం రాసింది నేను కాదు, మీరని చెప్పండి. ఎడమచేతుల సంగతి చెప్పండి. మీ నోటితో."

"నువ్వే చెప్పొచ్చు కదా..."

"నా పేరుతో మాట్లాడటం మీకు బాగానే వచ్చుగా. ఇప్పుడు మీ పేరుతో మాట్లాడండి."

"అన్నయ్యా, పిచ్చిపని చెయ్యకు" హర్ష లేచి నిలబడ్డాడు. మొదటిసారిగా అతని గొంతులో జాలి లేదు. "డిసెంబర్ డేటా నీకు పంపినప్పుడు చూసి, పర్లేదు పంపించెయ్ అన్నది నువ్వే. టెస్టర్‌గా సైన్ చేసింది నువ్వే. ఆ పేపర్ కూడా వాళ్ళ దగ్గరే ఉంది. నేను మునిగితే నువ్వూ మునుగుతావ్."

గిరిజ భర్త మొహంలోకి చూసింది. అబద్ధమని అతను అనలేదు. పక్కవాడి ప్రోగ్రాములో కామా తప్పినా పట్టుకునే మనిషి, ముప్పై నాలుగు ఎడమచేతుల్ని చూసి, పర్లేదన్నాడు.

ఆమె తన ఫోన్‌లో నంబరు నొక్కింది. స్పీకర్ మీద పెట్టి, కంచాల మధ్యనుంచి అతని ముందుకి జరిపింది. అవతల మోగుతోంది. మూడుసార్లు. నాలుగుసార్లు.

"వదినా, కట్ చెయ్" అంటూ హర్ష చెయ్యి చాచాడు. వరలక్ష్మి ఎంగిలి చేత్తోనే ఆ మణికట్టు పట్టుకుంది.

అవతల ఫోన్ ఎత్తారు. ఇంగ్లీషులో ఒక నడివయసు గొంతు, వెనకాల ఎవరో దగ్గుతున్న చప్పుడు.

"స్కిన్ క్లినిక్, మోరీన్ మాట్లాడుతున్నా. గిరిజా, నువ్వేనా? నీ నంబరే కనిపిస్తోంది. చేతులు ఎలా ఉన్నాయమ్మా?"

మల్లికార్జున ఫోన్ మీదికి వంగాడు. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి తమ్ముడి వైపు, ఒకసారి భార్య వైపు చూసి, నోరు తెరిచాడు.